టీవీ ఎంత ఎత్తులో ఉండాలో సోఫాను అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో హాలు డిజైన్ గురించి వేసిన పేజీ చూశాను. ఫోటో బాగుంది, కాదనను. గోడంతా బూడిద రంగు రాతి పలకలు, మధ్యలో మంట ఆడుతున్నట్టు కనిపించే ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్, దాని మీద మందపాటి చెక్క అరుగు, ఆ పైన ఎక్కడో సీలింగ్‌కి దగ్గరగా పెద్ద టీవీ. కానీ ఆ ఫోటోలో సోఫా లేదు. సోఫా ఉంటే అందులో ఓ మనిషిని కూర్చోబెట్టాల్సి వచ్చేది, ఆ మనిషి మెడ పైకెత్తి టీవీ చూస్తూ కనిపించేవాడు, డిజైన్ సంగతేంటో పాఠకులకే అర్థమైపోయేది.

ఇళ్ల లోపలి పనులు చేయించడం నా వృత్తి. ఇలాంటి ఫోటోలు ఫోన్‌లో దాచుకుని వచ్చి "అచ్చం ఇలాగే కావాలండీ" అనేవాళ్లు బాగా పెరిగారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫైర్‌ప్లేస్ మీద టీవీ పెట్టడమే తప్పు అనేవాళ్లలో నేను లేను. పెట్టొచ్చు, చక్కగా కుదురుతుంది కూడా. నా గొడవంతా వరుస గురించే. అందరూ ముందు ఫైర్‌ప్లేస్ ఎత్తు ఖాయం చేసుకుంటారు, తర్వాత దానికో అరుగు, మిగిలిన చోట టీవీ. దీన్ని తిరగేయాలి. సోఫా ఎక్కడ వేస్తారో ముందు తేలాలి, అందులో కూర్చుంటే కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో కొలవాలి, దాన్నిబట్టి టీవీ, టీవీ కింద ఎంత చోటు మిగిలితే అందులో పట్టే ఫైర్‌ప్లేస్.

ఈ తిరకాసు ఎక్కడి నుంచి వచ్చిందంటే, కట్టెలు కాల్చే పాత ఇటుక ఫైర్‌ప్లేస్ నుంచి. దానికి నిజంగా మంట ఉంది, పొగ ఉంది, మసి ఉంది. కట్టెలు పెట్టడానికి గూడు పెద్దగా ఉండాలి, పొగ లాగడానికి పైన చిమ్నీ ఉండాలి, చెక్క అరుగు మంటకు దూరంగా ఛాతీ ఎత్తులో ఉండాలి. దాని పైన టీవీ పెడితే ఎత్తుకు ఎత్తూ, వేడికి వేడీ, మసికి మసీ. ఎలక్ట్రిక్ దాంట్లో ఇవేవీ లేవు. లోపల ఉండేది ఎల్‌ఈడీ దీపాలు, వాటి వెలుగును మంటలా ఆడించే చిన్న ఏర్పాటు, విడిగా ఒక హీటర్, ఒక ఫ్యాన్. చిమ్నీ అక్కర్లేదు. నేల నుంచి జానెడు ఎత్తులో బిగించినా పనిచేస్తుంది. అయినా మనవాళ్లు పాత ఎత్తునే పట్టుకుని వేలాడుతున్నారు. పొగే రాని పెట్టెకు పొగకు భయపడి కట్టిన ఎత్తు ఎందుకో నాకు అర్థం కాదు.

కొలతలు చెప్తే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. మామూలు సోఫాలో కూర్చున్న పెద్ద మనిషి కళ్లు నేల నుంచి సుమారు 40 అంగుళాల ఎత్తులో ఉంటాయి, మనిషిని బట్టి, సోఫాను బట్టి కొంచెం అటూ ఇటూ. 65 అంగుళాల టీవీ అంటే మూల నుంచి మూలకు కొలత కాబట్టి, నిజానికి వెడల్పు 57 అంగుళాలు, ఎత్తు 32 అంగుళాలు. మీ ఫోటోలోలాగా అరుగు 54 అంగుళాల ఎత్తులో ఉండి, దానిపై మరో 6 అంగుళాలు వదిలి టీవీ బిగిస్తే, తెర మధ్యభాగం 76 అంగుళాల దగ్గరికి పోతుంది. అంటే కళ్ల కంటే 36 అంగుళాలు పైన. 8 అడుగుల దూరంలో కూర్చుంటే చూపు 20 డిగ్రీలకు పైగా ఎత్తాలి, తెర పై అంచు చూడాలంటే 28 డిగ్రీలు. హోమ్ థియేటర్ పనివాళ్లు మామూలుగా చెప్పే హద్దు 15 డిగ్రీలు. 8 అడుగుల దూరంలో 15 డిగ్రీలంటే కళ్ల కంటే దాదాపు 26 అంగుళాల ఎత్తు అన్నమాట, అది కూడా హద్దే తప్ప హాయి కాదు.

ఇప్పుడు అదే గోడ, అదే టీవీ, వరుస మార్చి చూద్దాం. పొడవుగా సన్నగా ఉండే ఫైర్‌ప్లేస్ ఒకటి తీసుకుందాం, ఎత్తు 18 అంగుళాలు. నేల నుంచి 8 అంగుళాలు వదిలి బిగిస్తే దాని పై అంచు 26 దగ్గర ఆగుతుంది. తయారీదారు ఒప్పుకుంటే 10 అంగుళాలు ఖాళీ వదిలి టీవీ మొదలుపెడితే, తెర కింది అంచు 36, మధ్యభాగం 52. కళ్ల కంటే 12 అంగుళాలే ఎత్తు, చూపు 7 డిగ్రీలు ఎత్తితే చాలు. ఒకటే గోడ మీద 24 అంగుళాల తేడా! మెడనొప్పి ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ 24 అంగుళాల విలువ వాళ్లను అడగండి.

"మేం వెనక్కి వాలి చూస్తాం, మాకు ఇబ్బంది లేదు" అనేవాళ్లుంటారు. నిజమే, రిక్లైనర్‌లో కాళ్లు చాపుకుని వాలితే చూపు దానంతటదే పైకి లేస్తుంది, కొంచెం ఎత్తున్నా సర్దుకుంటుంది. కానీ అన్నం తింటూనో, బట్టలు మడతపెడుతూనో, పిల్లల హోంవర్క్ చూస్తూనో టీవీ చూసేవాళ్లు వాలి కూర్చోరు కదా. ఇంకో సంగతి, ఎల్‌సీడీ టీవీల్లో కొన్ని రకాల ప్యానెళ్లను ఎదురుగా కాకుండా కింద నుంచి చూస్తే నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది, రంగులు వెలిసినట్టుంటాయి. ఓఎల్‌ఈడీలో ఈ బాధ తక్కువ. ఎత్తులో పెట్టక తప్పదనుకుంటే కనీసం కిందికి వంగే బ్రాకెట్ తీసుకోవాలి, గోడకు అతుక్కుపోయే రకం వద్దు.

వేడి సంగతికొద్దాం. ఇక్కడ రెండు వైపులా అబద్ధాలు నడుస్తున్నాయి. ఎలక్ట్రిక్ కాబట్టి టీవీకి ఏమీ కాదని అమ్మేవాళ్లు అంటారు, టీవీ కరిగిపోతుందని చుట్టాలు అంటారు. అసలు చూడాల్సింది వేడిగాలి ఎక్కడి నుంచి బయటికి వస్తుందనేది. కొన్నింటిలో ముందువైపు కింద నుంచి, చాలావాటిలో ముందువైపు పై అంచున ఉండే సన్నటి సందులోంచి, ఇంకొన్నింటిలో పెట్టె పైభాగం నుంచి నేరుగా పైకి. టీవీ కింద పెట్టడానికి మొదటి రకం మేలు. రెండోది కూడా పనికొస్తుంది, దూరం పాటిస్తే. మూడోదాన్ని టీవీ కింద పెట్టొద్దు, ఎవరు ఎంత నచ్చజెప్పినా సరే. కొనేముందు షోరూమ్‌లో మంట ఒక్కటే కాదు, హీటర్ కూడా వేయించి, చెయ్యి పెట్టి గాలి ఎటు పోతోందో చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పైన ఎంత ఖాళీ వదలాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, ఆ అంకె దాని పుస్తకంలో రాసి ఉంటుంది. పనివాడు చెప్పేదాని కంటే ఆ పుస్తకం మాట వినండి. ఎక్కువ టీవీల పుస్తకాల్లో చుట్టూ గాలి 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని ఉంటుంది. టీవీ బిగించక ముందే దీన్ని పరీక్షించుకోవచ్చు. టీవీ కింది అంచు ఎక్కడ వస్తుందో అక్కడ గోడకు ఓ మామూలు థర్మామీటర్ టేపుతో అంటించి, హీటర్ ఫుల్‌లో పెట్టి గంటసేపు వదిలేయండి. జ్వరం చూసేది కాదు, గది ఉష్ణోగ్రత చూసేది. అంకె 40కి దగ్గరపడితే మధ్యలో చెక్క అరుగు ఒకటి పెట్టాలి లేదా ఖాళీ పెంచాలి. అరుగు అందానికని అందరూ అనుకుంటారు గానీ ఇక్కడ దానికి అసలు పని ఉంది. పైకెగసే వేడిగాలిని టీవీ మీదికి పోనీయకుండా గదిలోకి తోస్తుంది. టీవీ మందం కంటే అరుగు నాలుగంగుళాలైనా ముందుకు పొడుచుకు రావాలి, లేకపోతే అది ఉన్నా లేనట్టే. అరుగుకూ ఫైర్‌ప్లేస్‌కూ మధ్య దూరం కూడా అదే పుస్తకంలో ఉంటుంది.

గోడలోకి దించి బిగించే రకమైతే దాని వెనకా పక్కలా కొంత ఖాళీ అడుగుతుంది. ఆ ఖాళీ ఊరికే పోతోందని థర్మోకోల్‌తోనో దూదిలాంటి ఇన్సులేషన్‌తోనో కుక్కేవాళ్లను చూశాను. ఆ పని చేయొద్దు. లోపల వేడి ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్ ఉంటుంది నిజమే, కానీ రోజూ ఆ స్విచ్ మీదే ఆధారపడి బతకడం ఎందుకు.

ఇంతకీ ఈ హీటర్ ఎంత వేడిస్తుంది? చాలావాటి సామర్థ్యం 1500 వాట్లు, కొన్ని 2000. లక్ష హంగులున్న ఫైర్‌ప్లేస్ అయినా, మూలన పడేసే చిన్న ఫ్యాన్ హీటర్ అయినా, 1500 వాట్లంటే 1500 వాట్ల వేడే. నాలుగు గంటలు నడిస్తే 6 యూనిట్లు. వేడి కోసమే అయితే చలికాలంలో వేడిగాలి ఇచ్చే రకం ఏసీ అదే కరెంటుతో రెండు మూడు రెట్లు వేడిస్తుంది. కాబట్టి మీరు కొంటున్నది ముఖ్యంగా ఆ మంట బొమ్మను, వేడి కొసరు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, కంటికి నచ్చింది కొనుక్కుంటాం. మంట ఒక్కటే వేసుకుంటే కరెంటు ఓ మామూలు బల్బు స్థాయిలోనే కాలుతుంది. హీటర్‌ను ఎప్పుడో గానీ వేయని ఇంట్లో టీవీకి వేడి టెన్షన్ సగం అక్కడే తీరిపోతుంది.

కానీ వైరింగ్ మాత్రం హీటర్ రోజూ ఫుల్‌గా నడుస్తుందనుకునే చేయించాలి. 120 వోల్టుల చోట 1500 వాట్లంటే 12.5 ఆంపియర్లు, 230 వోల్టుల చోట 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు, గంటల తరబడి. బోర్డు నుంచి దానికంటూ విడిగా లైను, విడిగా బ్రేకర్ ఉండాలి. టీవీ ప్లగ్‌లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి అందులో హీటర్ పెట్టడం అంటే గోడలో నిప్పు దాచడమే. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను, ఒకాయన పని ఇంకొకరికి ఇచ్చేసుకున్నా ఊరుకున్నాను.

టీవీకి ప్లగ్ పాయింట్ టీవీ వెనకే, గోడలోకి దిగి ఉండేలా పెట్టించాలి. అలా కాకుండా టీవీతో వచ్చిన మెత్తటి వైరునే గోడలోంచి దూర్చి కిందికి తెస్తారు కొందరు, ఆ వైరు గోడలో పాతడానికి చేసింది కాదు. హెచ్‌డీఎంఐ కేబుల్‌కు వేరే పైపు వేయాలి, కరెంటు వైరు పోయే పైపులో కాదు. పైపు కనీసం ఒకటిన్నర అంగుళం ఉండాలి, ఎందుకంటే కేబుల్ సన్నగానే ఉంటుంది గానీ దాని తల దూరాలి కదా. లోపల ఓ గట్టి దారం వదిలేయండి, నాలుగేళ్ల తర్వాత కొత్త కేబుల్ లాగడానికి అదే దిక్కు. సెట్‌టాప్ బాక్సు, గేమ్ బాక్సు పక్కన చిన్న అల్మారాలో పెట్టుకుంటే మేలు, అయితే తలుపు మూస్తే కొన్ని రిమోట్లు పనిచేయవు, ముందే ఆలోచించుకోండి. ఇవన్నీ రాతి పలకలు అంటించక ముందు జరగాల్సిన పనులు. అంటించాక గుర్తొస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

రాతి పలకలంటే గుర్తొచ్చింది, అవి బరువు. టీవీ బ్రాకెట్ స్క్రూలు పలకలో దిగితే సరిపోదు, వెనకున్న అసలు గోడలోకి దిగాలి. జిప్సం బోర్డు గోడైతే లోపలి ఫ్రేములోకి, లేదా బోర్డు వెనక ముందే బిగించిన మందపాటి ప్లైవుడ్‌లోకి.

టీవీ కోసం గోడలో సరిగ్గా దాని కొలతకు గూడు కట్టించుకునే ఫ్యాషన్ ఒకటుంది. దయచేసి వద్దు. గోడ ఇరవై ఏళ్లుంటుంది, టీవీ అంతకాలం ఉండదు. ఇవాళ 55 అంగుళాలదానికి 48 అంగుళాల వెడల్పు గూడు కట్టిస్తే, రేపు కొనే 65 అందులో పట్టదు, 9 అంగుళాలు బయటికొస్తుంది. గూడు కావాలనే పట్టుదల ఉంటే తర్వాతి టీవీ కొలతకు కట్టించి, చుట్టూ మిగిలే చోటును లైటు పట్టీతో కప్పేయండి. ఫైర్‌ప్లేస్ వెడల్పు మాత్రం టీవీకి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి. చిన్న ఫైర్‌ప్లేస్ మీద పెద్ద టీవీ పెడితే గోడ ఏ క్షణాన్నైనా ముందుకు పడిపోయేలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం ఒకటి. సినిమా చూస్తున్నప్పుడు తెర కిందే నారింజ రంగు మంట ఆడుతూ ఉంటే చూపు నిలవదు. చీకటి సీన్లలో అయితే మరీను. మొదటి వారం అందరూ రెండూ వేసుకుంటారు, తర్వాత టీవీ వేసినప్పుడల్లా మంట ఆపేస్తారు. అందుకని మంట వెలుగును బాగా తగ్గించే వీలున్న రకం చూసుకోండి, వేడి లేకుండా మంట, మంట లేకుండా వేడి విడివిడిగా వేసుకునే వీలుండాలి. ఫ్యాన్ చప్పుడు కూడా వినండి, మెల్లగా మాట్లాడుకునే సీన్లో గుయ్‌మని వినిపిస్తుంది. ఎదురుగా పెద్ద కిటికీ ఉంటే పగలు టీవీ గాజులో కిటికీ, ఫైర్‌ప్లేస్ గాజులో ఇంకో కిటికీ కనిపిస్తాయి. దీనికి మందపాటి కర్టెన్ తప్ప వేరే మందు లేదు. టీవీ వెనక గోడ మీద సన్నటి తెల్లని ఎల్‌ఈడీ వెలుగు పడేలా పెడితే రాత్రిపూట కళ్లకు హాయిగా ఉంటుంది, గది లైట్లు మాత్రం పసుపు వైపు ఉండనివ్వండి.

సౌండ్‌బార్ ఎక్కడ పెట్టాలని అడుగుతారు. అరుగు మీద పెడతారు సాధారణంగా, అక్కడ వేడిగాలి తగులుతుందేమో పైన చెప్పిన థర్మామీటరుతోనే చూసుకోండి. టీవీకే బిగించే బ్రాకెట్ వాడితే టీవీతో పాటు అదీ వంగుతుంది. పైకి శబ్దం వదిలే స్పీకర్లున్న బార్ అయితే దానిపైన ఏదీ అడ్డం ఉండకూడదు, టీవీ అంచు కింద ఇరికిస్తే ఆ డబ్బు దండగ.

సోఫా హీటర్‌కు కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి, కర్టెన్లూ అంతే. ఎలాగూ 65 అంగుళాల టీవీకి 8 నుంచి 9 అడుగుల దూరం హాయిగా ఉంటుంది కాబట్టి సోఫాతో పేచీ రాదు, పేచీ వచ్చేది పిల్లలు లాక్కొచ్చి పెట్టే బీన్‌బ్యాగులతో. గాజు చల్లగానే ఉండొచ్చు గానీ గాలి వచ్చే జాలీ కాలుతుంది. పాకే పిల్లలుంటే కింద నుంచి గాలి వచ్చే రకం వాళ్ల చేతికి అందే ఎత్తులో ఉంటుంది, అప్పుడు హీటర్ లాక్ ఉన్నది తీసుకోవాలి లేదా ముందు జాలీ పెట్టాలి. చూశారా, టీవీకి మేలైనది పిల్లలకు ఇబ్బంది. ఇంట్లో ఎవరున్నారో చూడకుండా డిజైన్ చెప్పలేం అనేది ఇందుకే.

నన్నడిగితే గోడ 12 అడుగులకు మించి వెడల్పుంటే ఒకదాని మీద ఒకటి పెట్టనే పెట్టను. టీవీ ఒకవైపు సోఫాకు ఎదురుగా కళ్ల ఎత్తులో, ఫైర్‌ప్లేస్ పక్కన దాని ఎత్తులో అది. లేదా పక్క గోడకు ఫైర్‌ప్లేస్, ఎల్ ఆకారం సోఫాకు రెండూ కనిపిస్తాయి, మాట్లాడుకోవడానికి కూర్చుంటే టీవీ నల్లటి పలక అందరి మధ్యా ఉండదు. చిన్న హాల్లో ఈ వెసులుబాటు ఉండదు, అక్కడే ఒకదాని మీద ఒకటి అనే పద్ధతికి నిజమైన అవసరం. విచిత్రం ఏంటంటే మీ ఫోటోలోది పెద్ద హాలు.

ఇప్పటికే ఎత్తులో కట్టించుకున్నవాళ్లు గోడ పగలగొట్టక్కర్లేదు. ముందు అరుగుకూ టీవీకీ మధ్య ఉన్న ఖాళీ కొలవండి, చాలా ఇళ్లలో నాలుగైదు అంగుళాలు దించే వీలుంటుంది, బ్రాకెట్ రంధ్రాలు మార్చితే చాలు. తర్వాత కిందికి వంచండి. అదీ చాలకపోతే టీవీని ముందుకు లాగి కిందికి దించే చేతి బ్రాకెట్లు దొరుకుతాయి, చూసేటప్పుడు దించుకోవచ్చు, అయిపోయాక పైకి నెట్టేయొచ్చు. టీవీ బరువుకూ వెనక రంధ్రాల కొలతకూ అది సరిపోతుందో చూసి కొనండి, దించినప్పుడు టీవీ సరిగ్గా హీటర్ ముందుకు వస్తుంది కాబట్టి అప్పుడు హీటర్ వేయొద్దు, మంట వరకే. కేబుళ్లు కూడా ఆ మేరకు పొడవు పెంచుకోవాలి, లేదంటే మొదటిసారి దించగానే ఊడొస్తాయి.

మీ అనుబంధంలో ఇకముందు హాలు ఫోటోలు వేసేటప్పుడు నేల నుంచి తెర మధ్యకు ఎంత ఎత్తు, సోఫా ఎంత దూరం, హీటర్ గాలి ఎటు నుంచి వస్తుంది అనే మూడు వివరాలు ఫోటో కింద వేయగలరా? డిజైన్ చేసినవాళ్లను అడిగితే చెప్తారు. చెప్పలేకపోతే ఆ ఫోటో వేయకండి.

ఇట్లు,
ఇంటీరియర్ పనులు చేయించే ఒక పాఠకుడు